వడ అయిపోయిందని చెప్పని సర్వరు

తెలుగువాడికి సర్వరు మొదట పరిచయమైంది ఉడిపి హోటల్లో. భుజాన తువ్వాలు, ఒంటి చేత్తో నాలుగు ప్లేట్లు, ఊపిరి తిప్పుకోకుండా ఇడ్లీ వడ దోసె పెసరట్టు ఉప్మా పూరీ అని అప్పజెప్పే నోరు. వడ లేకపోతే "వడ అయిపోయింది సార్, పావుగంటలో దింపుతారు, ఈలోగా ఇడ్లీ తెమ్మంటారా?" అనేవాడు. ఏం లేదు, ఎప్పుడొస్తుంది, బదులేముంది, అన్నీ ఒక్క గుక్కలో. అంతా చేసి మనం టిప్పు పెట్టేది అర్ధరూపాయి.

ఇప్పుడు నేను ఊడిగం చేస్తున్న సర్వరు టెక్సాస్‌లో ఒక ఏసీ గదిలో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేసు, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. జాబితా ధర చూస్తే ఒక్కో కోరుకు 7,000 డాలర్ల పైమాటే. అలాంటి కోర్లు మా క్లయింటు దగ్గర గంపెడున్నాయి. ఇంత తిని అది నేర్చుకున్న మాట ఒకటే: "లాగిన్ ఫెయిల్డ్ ఫర్ యూజర్." ఎర్రర్ నంబరు 18456, స్టేట్ 1. పాస్‌వర్డ్ తప్పు కొట్టావా? స్టేట్ 1. అసలా పేరుతో మనిషే లేడా? స్టేట్ 1. మనిషీ సరే, పాస్‌వర్డూ సరే, లోపలికి రానిచ్చే హక్కు లేదా? అదీ స్టేట్ 1. అప్పులవాళ్ళొస్తే నాన్న ఇంట్లో లేరని చెప్పమని నేర్పిన పిల్లాడు కూడా కాస్త అదిలిస్తే "నాన్నే చెప్పమన్నారు" అని నిజం కక్కుతాడు. ఇది కక్కదు.

కక్కకపోవడానికి కారణముంది, అదీ ఒప్పుకోవాలి. "పేరు సరే, పాస్‌వర్డే తప్పు" అని చెబితే దొంగకి సగం పని చేసిపెట్టినట్టే. అందుకని అసలు సంగతిని తలుపు దగ్గర చెప్పకుండా సర్వరు లోపల తన ఎర్రర్ లాగ్‌లో రాసుకుంటుంది. స్టేట్ 5 అంటే ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు. 8 అంటే పాస్‌వర్డ్ కలవలేదు. 58 అంటే ఇక్కడ విండోస్ ఖాతాలకే తలుపు తీస్తాం, నువ్వు వేరే తాళం పట్టుకొచ్చావు. పక్కనే ఇంగ్లీషులో కారణం కూడా ఉంటుంది, ఒక్క వాక్యం, చంటిపిల్లాడికి చెప్పినట్టు. ఆ లాగ్ చదవాలంటే మాత్రం సర్వరులోకి లాగిన్ అవ్వాలి.

మొన్న నవంబరులో ఒక గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, 2:47కి ఫోను మోగింది. ఆన్‌కాల్ నాది. క్లయింటు బిల్లింగ్ ఆగిపోయిందట, సెవ్ వన్, అంటే అన్నిటికంటే అత్యవసరం, అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్లోకి రమ్మన్నారు. దుప్పటి కప్పుకునే లాప్‌టాప్ తెరిచాను. అప్పటికే పందొమ్మిది మంది ఉన్నారు. ఆ పందొమ్మిదిలో ఎర్రర్ మెసేజి పూర్తిగా చదివినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. "డేటాబేస్ డౌన్" అన్నారు. ఎవరన్నారంటే అందరూ అన్నారు.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మూడు నెలల కోర్సులో మొదటి వారమే చెప్పే పాఠం. ఇంటికి వెళ్ళలేకపోవడం వేరు, గుమ్మం దాకా వెళ్ళి గెంటించుకోవడం వేరు. ఎర్రర్ 53, ఎర్రర్ 40, ఎర్రర్ 26 వస్తే ఇల్లే దొరకలేదన్నమాట: పేరు తప్పు, దారి మూసేశారు, 1433 పోర్టుకి ఫైర్‌వాల్ అడ్డం, లేదా ఇంట్లోవాళ్ళు లేవలేదు. ఒరాకిల్‌లో అయితే ఓఆర్ఏ 12154, అడ్రసే అర్థం కాలేదని. 12541, గుమ్మంలో కాపలావాడు లేడని. 18456 వచ్చిందంటే మాత్రం శుభవార్త. దారి బావుంది, ఫైర్‌వాల్ తెరిచే ఉంది, సర్వరు బతికే ఉంది. అంత బతికుంది కాబట్టే నిన్ను పొమ్మనగలిగింది!

ఈ ముక్క నేను చెప్పేలోపే నెట్‌వర్క్ టీమ్ అందుకుంది: "పింగ్ పోతోంది, మా సైడ్ ఏం లేదు." పింగ్ పోవడమంటే వీధి ఉందని. ఇంట్లో మనిషి తలుపు తీస్తాడని కాదు. ఫైర్‌వాల్ టీమ్: మా సైడ్ ఏం లేదు. స్టోరేజ్ టీమ్‌ని ఎందుకు లేపారో వాళ్ళకే తెలియదు, అయినా వాళ్ళ సైడూ ఏం లేదు. అప్లికేషన్ టీమ్ అయితే నిన్నటి నుంచి ఒక్క అక్షరం మార్చలేదని ప్రమాణం చేసింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. హైదరాబాద్ ఆఫ్‌షోర్ నుంచి ఒక కుర్రాడు నాకు విడిగా చాట్‌లో రాశాడు: "అన్నా, ఒక్కసారి రీస్టార్ట్ కొడదామా?" వాణ్ణి తప్పుపట్టను. రీస్టార్టు మన కొబ్బరికాయ. ఎందుకు కొడతామో తెలీదు, కొట్టకపోతే మనసొప్పదు. ఈలోగా ఎవరో ఓ పెద్దమనిషి పాస్‌వర్డ్ మార్పించాడు. పని కాలేదు. మళ్ళీ మార్పించాడు. మూడోసారి మార్చాక, అప్పటిదాకా బాగానే ఉన్న రిపోర్టులు కూడా పడిపోయాయి, అవి పాత పాస్‌వర్డ్‌తోనే బతుకుతున్నాయి కనుక. దాన్ని బ్రిడ్జ్ మీద "ప్రోగ్రెస్" అని నమోదు చేశారు.

నేను లాగ్ చూస్తానన్నాను. చూడాలంటే ప్రొడక్షన్ యాక్సెస్ టికెట్ పెట్టాలి, దాన్ని ఒక మేనేజరు ఆమోదించాలి, ఆయన నిద్రపోతున్నాడు. నాతో కలిపి ఇరవై మందిమి ఒక మనిషి నిద్రలేవడం కోసం గంటా నలభై నిమిషాలు ఎదురుచూశాం. ఆ గంటా నలభైలోనూ స్టేటస్ అప్‌డేట్ పదిహేను నిమిషాలకోసారి ఠంచనుగా వెళ్ళింది.

సర్వర్ల తాళాల చరిత్ర తెలిసినవాడికి ఈ కట్టుదిట్టం చూస్తే నవ్వు ఆగదు. ఒకప్పుడు ఒరాకిల్ కొన్నవాడికి స్కాట్ అనే యూజరు, టైగర్ అనే పాస్‌వర్డు ఉచితంగా వచ్చేవి. స్కాట్ అంటే ఆ కంపెనీ తొలినాళ్ళ ఉద్యోగి బ్రూస్ స్కాట్, టైగర్ ఆయన కూతురి పిల్లి. ఆ పిల్లి పేరుతో ఎన్ని డేటాబేసులు తెరుచుకున్నాయో ఆ పిల్లికే తెలియాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సర్వాధికారి ఎస్ఏకి పాస్‌వర్డే లేకుండా వదిలేసినవాళ్ళు ఎంతమందంటే, 2002 మేలో అలాంటి ఇళ్ళనే వెతుక్కుంటూ ఒక పురుగు ఊరేగింది.

ఆ తరువాతి పురుగు, స్లామర్, లాగిన్ అడగనేలేదు. 2003 జనవరి 25న వచ్చింది. ఒంటి బరువు 376 బైట్లు. నేను ఇంటికి పెట్టే వాట్సాప్ మెసేజి అంతకంటే పెద్దది. 1434 పోర్టులో పేరు అడిగితే దారి చూపించే అమాయకపు సేవ ఒకటుంటుంది, దాని గొంతులోంచి దిగింది. పాస్‌వర్డు లేదు, 18456 లేదు, స్టేట్ 1 లేదు. పది నిమిషాల్లో దొరికిన ఇళ్ళల్లో నూటికి తొంభై ముంచింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు 13,000 మొరాయించాయి, సియాటిల్ దగ్గర 911 అత్యవసర కాల్ సెంటరు కాగితం, పెన్సిలూ పట్టుకుంది, ఒహాయోలో డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రం నెట్‌వర్క్‌లోకీ దూరింది. దొంగలు పడ్డ ఆరునెల్లకు కుక్కలు మొరిగాయని మన సామెత. ఇక్కడ కుక్క ఆరునెల్ల ముందే మొరిగింది. ఆ కంతకు మైక్రోసాఫ్ట్ మాట్లు 2002 జులైలోనే ఇచ్చేసింది. వేసుకోవాల్సినవాళ్ళు వేసుకోలేదు, మైక్రోసాఫ్ట్ సొంతింట్లో కొన్ని సర్వర్లతో సహా.

అంటే కారణం చెప్పకూడదన్న నియమం ఇన్నేళ్ళలో ఎవరి నుంచి రహస్యం దాచింది? దొంగ నుంచి కాదు. నా నుంచి. దొంగ కిటికీలోంచి దిగి వెళ్ళిపోయాడు, గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు చూపిస్తూ నిలబడ్డవాణ్ణి నేను.

నమ్మకం సంగతి మరీ విడ్డూరం. 2022లో మైక్రోసాఫ్ట్, డేటాబేసుకి దారి కలిపే కొత్త ఓడీబీసీ డ్రైవర్ 18 దింపి, ఇక మీద కనెక్షన్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేస్తాను, సర్టిఫికెట్ నమ్మదగినదో కాదో చూస్తాను అంది. మంచి మాటే. మర్నాటి నుంచి లోకమంతా ఒకటే ఏడుపు: సర్టిఫికెట్‌ని నమ్మలేనంటోంది, కనెక్షన్ కావట్లేదు. లోకం కనిపెట్టిన మందు కనెక్షన్ స్ట్రింగ్ చివర ఒక ముక్క: ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ఈక్వల్స్ యెస్. పిల్లవాడి గుణగణాలు వాకబు చేయకుండా "నమ్మాం" అని శుభలేఖలో అచ్చేయించినట్టు. మా దగ్గర ఆ ముక్క లేని స్ట్రింగ్ నేను ఇంతవరకూ చూడలేదు.

ఈ అమెరికా మొత్తం ఒకసారి గుమ్మం దగ్గరే పడిపోయింది, గుర్తుందా? 2013 అక్టోబర్ 1, ప్రభుత్వం వారి ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ ప్రారంభం. బీమా ధర ఎంతో ఊరికే చూద్దామన్నా ముందు ఖాతా తెరవమన్నారు. చీరలకొట్లో చీర చూపించే ముందు రేషన్ కార్డు అడిగినట్టు. లక్షల జనం వచ్చి ఖాతా దగ్గరే కిక్కిరిసిపోయారు. తొలిరోజు ఆ పోర్టల్లో చివరిదాకా వెళ్ళి బీమా తీసుకున్నవాళ్ళు ఆరుగురు. మా బ్రిడ్జ్ కాల్‌లో మూడోవంతు! బాగుచేయడానికి వచ్చినవాళ్ళలో గూగుల్ నుంచి వచ్చిన మైకీ డికర్సన్ ఒకడు. వాళ్ళు వచ్చి చూస్తే, సైటు బతికుందో లేదో చెప్పే డ్యాష్‌బోర్డే లేదు. పదేపదే అడిగే సమాచారం కోసం కూడా ప్రతిసారీ డేటాబేసు గడప తొక్కుతున్నారు. కాస్త దగ్గర దాచిపెట్టుకునేలా చేస్తే ఎనిమిది సెకన్ల పేజీ రెండు సెకన్లకు దిగింది. ఆ మందు కంటే డికర్సన్ గోడకి అంటించిన నియమాలు నాకు ముద్దు. ఈ గది సమస్య తీర్చడానికి, నిందలు వేసుకోవడానికి వేరే చోట్లు బోలెడున్నాయని ఒకటి. పెద్ద హోదా ఉన్నవాడు కాదు, విషయం తెలిసినవాడు మాట్లాడాలని రెండోది. ఆ రెండూ ప్రింటు తీసి మా ఫ్లోర్‌లో అంటించాను. వారం తిరక్కుండా దాని మీద యోగా క్లాసుల పోస్టరు వెలిసింది.

మనవాళ్ళ బతుకులే డేటాబేసు గుమ్మంలో ఉన్నాయి కదా, అదొక్కటి చెప్పి ముందుకెళతాను. అమెరికా వీసాలన్నీ నడిచేది విదేశాంగ శాఖ వారి కాన్సులర్ కన్సాలిడేటెడ్ డేటాబేస్ మీద. 2014 జులైలో అది నీరసించింది. 2015 జూన్ 9న ఒక హార్డ్‌వేర్ చెడి, వేలిముద్రలు చేరక, ప్రపంచవ్యాప్తంగా వీసాల అచ్చు రెండు వారాలకు పైగా కుంటుపడింది. కాలిఫోర్నియా పొలాల్లో పళ్ళు కోయాల్సిన కూలీలు మెక్సికో సరిహద్దులో కూర్చున్నారు. ఎంత గోడ కట్టినా ఆగనివాళ్ళని ఒక చెడిన డబ్బా ఆపేసింది. 2024 మార్చిలో హెచ్-1బీ రిజిస్ట్రేషన్ సైటు ఆగితే 22తో ముగియాల్సిన గడువుని 25 మధ్యాహ్నం దాకా పొడిగించారు. ఈ దేశపు సర్వర్లకు రాత్రిళ్ళు లాగిన్లు సరిచేసేది మనవాళ్ళు, వాళ్ళ తమ్ముళ్ళ తలరాత తేల్చేదేమో లాగిన్ కాని సర్వరు. ఇక విజిటర్ వీసా కాదన్నప్పుడు చేతిలో పెట్టే 214(బి) కాగితం సంగతి వేరే చెప్పాలా? తెనాలి పెద్దావిడకీ అదే, తిరుపతి రిటైర్డు మాస్టారికీ అదే: తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదు. అచ్చమైన స్టేట్ 1. అసలు స్టేట్ ఏ లాగ్‌లో రాసుకున్నారో కిటికీ అవతలివాళ్ళకే ఎరుక.

మేనేజరు గారు 4:40కి లేచారు, ఆమోదం నొక్కారు. లాగ్ తెరిచాను. మొదటి లైనే: స్టేట్ 5, ఆ పేరుతో లాగిన్ లేదు. ప్యాచింగ్ కోసం ఆ రాత్రి డేటాబేసుని ఒక సర్వరు నుంచి జంట సర్వరుకి మార్చారు. డేటాబేసు పోయింది, లాగిన్లు పోలేదు. అవి ఏ సర్వరువి ఆ సర్వరులోనే, మాస్టర్ అనే డేటాబేసులో ఉంటాయి. కాపురం కొత్తింటికి మారింది, వాచ్‌మన్ దగ్గరున్న పేర్ల పట్టీ పాతింట్లోనే ఉండిపోయింది. పెద్దమనిషి మూడుసార్లు మార్పించిన పాస్‌వర్డూ ఆ పాతింటిదే. పాత సర్వరులో ఉన్న గుర్తింపు సంఖ్యతోనే ఆ లాగిన్ కొత్తచోట సృష్టించాను. గుర్తింపు మారితే లోపలికి రానిస్తుంది కానీ లోపల గదులు తెరవదు, అదింకో భాగోతం. నాలుగు నిమిషాల పని. లాగిన్లు రెండుచోట్లా ఒకేలా ఉండేట్టు ఏర్పాటు చేద్దామని నేనే కిందటేడు టికెట్ పెట్టాను. దానికి లో ప్రయారిటీ అని ముద్ర కొట్టి అటక మీద పెట్టారు. తెల్లారకముందే ఆర్‌సీఏ, అంటే మూలకారణ నివేదిక, వచ్చేసింది. మూలకారణం: డీబీఏ టీమ్ (అంటే మేమే) లాగిన్లు సరిచూడలేదు. దిద్దుబాటు: డీబీఏ టీమ్‌కి శిక్షణ.

అప్పుడు అమ్మ ఫోను. ఇక్కడ ఐదు దాటింది, అక్కడ సాయంత్రం నాలుగున్నర. పొద్దున్నించీ బ్యాంకులో ఉందట. నాన్న రైల్వే పెన్షను అమ్మకొస్తుంది, నవంబరు వచ్చిందంటే తను బతికే ఉన్నానని వేలిముద్ర వేసి చూపించాలి.

"నాలుగుసార్లు వేలు పెట్టారా. ఒప్పుకోవట్లేదు. సోమవారం రమ్మంటున్నారు."

"ఏమన్నారు సరిగ్గా?"

"సర్వర్ డౌన్ అన్నారు."

"అంతేనా? ఎందుకని చెప్పలేదా?"

"ఎందుకేవిట్రా, సర్వర్ డౌనే. నువ్వక్కడ చూసేది సర్వర్లే కదా, ఓసారి ఇదీ చూడకూడదూ?"

అలవాటు చావదు. "పోనీ, నంబరేదైనా వచ్చిందా?" అన్నాను.

"నంబరా? నాది ఒకటో నంబరే. అందరికంటే ముందొచ్చి కూచున్నాగా."