పేటవాసి పద్యం: టీకా తాత్పర్యం

శతకాలకూ కావ్యాలకూ ప్రతిపదార్థాలూ తాత్పర్యాలూ అచ్చువేసి తెలుగువాళ్ల అటకలు నింపిన వావిళ్ళ వారి ప్రెస్సు 1854లో పుట్టింది చెన్నపట్నంలోనే. అలాంటి ఊళ్లో అద్దె ఇల్లు వెతుక్కునే తెలుగువాడి అవస్థ మీద ఇంతవరకూ ఒక టీక లేకపోవడం శాస్త్రానికే లోటు. మెదకు సీమ నుంచి వచ్చిన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత. మాకంత నిష్ఠ లేదు గాని, ఓనరు ఇచ్చిన రసీదులు దగ్గరున్నాయి.

మూలము

చెన్నపురికి వచ్చి చిన్నపాటి గదికి
పదినెలల ధనమ్ము పణము పెట్టి
లారి నీటి కొఱకు లైనులోన నిలిచి
బిందె నిండినపుడె పేటవాసి

ప్రతిపదార్థము

చెన్నపురికి = చెన్నై మహానగరమునకు; వచ్చి = పినాకినీ ఎక్స్‌ప్రెస్సున వచ్చి సెంట్రల్ స్టేషనులో దిగి; చిన్నపాటి = మంచము వేసినచో తలుపు పూర్తిగా తెఱచుకొనని; గదికి = ఓనరు 'సింగిల్ బెడ్‌రూమ్' అని పిలుచు స్థలమునకు; పదినెలల ధనమ్ము = అద్దెకు పదింతలైన అడ్వాన్సును; పణము పెట్టి = తిరిగి వచ్చునో రాదో తెలియక ఒడ్డి; లారి నీటి కొఱకు = మెట్రో వాటర్ లారీ తెచ్చు జలమునకై; లైనులోన = తనకంటె ముందు లేచినవారి బిందెల వెనుక; నిలిచి = ఆఫీసు క్యాబు హారను వినబడుచున్నను కదలక; బిందె నిండినపుడె = తన బిందె నిండిన తరువాతనే; పేటవాసి = ఆ పేటకు చెందినవాడు (అగును).

తాత్పర్యము

చెన్నైకి వచ్చినంత మాత్రమున, అడ్వాన్సు కట్టినంత మాత్రమున ఎవడును చెన్నైవాడు కాడు. నీళ్ల వరుసలో తన వంతు వచ్చువఱకు వాడు చుట్టము మాత్రమే.

విశేషములు

'చెన్నపురికి వచ్చి' అని కవి అన్నాడు గాని 'తిరిగి వచ్చి' అనలేదు. ఇక్కడ పాతకాలపు వ్యాఖ్యాతలకు కోపం రావచ్చు. 1639లో కుంపిణీవారికి ఇక్కడ చోటిచ్చింది దామర్ల నాయకులు. పట్నానికి ఆ పేరు చెన్నప్ప నాయకుడి వల్లే వచ్చిందని వాడుక. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచింది మైలాపూరులో. 'మద్రాసు మనదే' అని గొంతులు పోయేలా అరిచాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా వేరుపడింది, మద్రాసు ఇక్కడే ఉండిపోయింది. ఈ చరిత్రంతా పద్యంలోని మన నాయకుడికి కంఠతా వచ్చు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఓనరు ఇందులో ఒక్క ముక్కా అడగలేదు. ఆయన అడిగినవి రెండే: "వెజిటేరియనా? బ్యాచిలరా?" టి.నగర్ నడిబొడ్డున ఉన్న పార్కుకు తెలుగువాడైన పానగల్ రాజా పేరుందన్న గర్వం ఈ రెండో ప్రశ్న దగ్గర అక్కరకు రాదు.

'పదినెలల ధనమ్ము': ఇక్కడ శాస్త్రవిరోధం ఒకటి కనిపిస్తుంది. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. కవి పది అంటున్నాడు. శ్రుతికీ ఆచారానికీ పొత్తు కుదరనప్పుడు శ్రుతే ప్రమాణమని మీమాంసకులు చెబుతారు. అయితే ఆ శ్రుతిలోనే 'వేరే ఒప్పందం ఉంటే తప్ప' అనే భావం గల మాట ఒకటుంది. ఓనరు ఇచ్చే అగ్రిమెంటు అచ్చంగా ఆ వేరే ఒప్పందమే. కాబట్టి విరోధం లేదు, డబ్బూ లేదు. ఖాళీ చేసేనాడు పెయింటింగుకని ఒక నెల అద్దె కోత పడుతుంది. ఈబీ కరెంటు మీటరు లెక్క వేరు. వీటిని కవి చెప్పకుండా వదిలేశాడు. దుఃఖం ఎక్కువైన చోట మౌనం పాటించడం పెద్దల పద్ధతి.

'లారి నీటి కొఱకు': ఛందస్సు కోసం లారీకి దీర్ఘం పోయింది. వీధిలో నిరీక్షణ మాత్రం దీర్ఘమే. ఈ పాదమే పద్యానికి ప్రాణం గనుక ఇక్కడ కాస్త ఆగాలి.

చెన్నైకి వలస వచ్చింది మన నాయకుడొక్కడే కాదు, కృష్ణానది కూడా. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవాలి. దారిలో ఆవిరి, ఇంకుడు పోను చెన్నైకి 12 చేరాలి. శ్రీశైలంలో బయలుదేరిన నీళ్లు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి, ఊత్తుక్కోట దగ్గర 'జీరో పాయింట్' అని పిలిచే చోట సరిహద్దు దాటి పూండి చెరువులో పడతాయి. మొదటిసారి అలా చేరింది 1996లో. అదే ఏడు మద్రాసు అధికారికంగా చెన్నై అయింది. ఆ నీళ్లను అడ్వాన్సు అడిగినవారు లేరు. ఏడాదంతా వస్తాయన్న నమ్మకమూ లేదు. 2019లో చెరువులన్నీ నెర్రెలిచ్చినప్పుడు జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చి విల్లివాక్కంలో దింపారు. చెన్నైలో సెటిలైన ప్రతివాడి కథలోనూ ఆ ఎండాకాలం ఉంటుంది.

'లైనులోన నిలిచి': నిజానికి నిలిచేది మనిషి కాదు, బిందె. ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల ప్లాస్టిక్ బిందెలు తెల్లవారకముందే గోడ వారగా బారులు తీరతాయి. పగిలిన బకెట్టో, ఇటుక రాయో పెట్టిపోయినా ఆ చోటు చెల్లుతుంది. నైటీ మీద తువ్వాలు వేసుకున్న ఒకావిడ ఈ బారుకు అధిష్ఠాన దేవత. నాయకుడు మూడు రోజుల పాటు "తమిళ్ తెరియాదు" అంటూ తడబడ్డాక, నాలుగో రోజు ఆవిడే అందుకుంది: "ఏ ఊరు నాయనా మీది? బిందె ఈడ పెట్టు. లైను తప్పితే గొడవ అయిపోతాది."

ఆవిడ తాతముత్తాతల కాలం నుంచీ ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి గనుక మనవరాలు తమిళం చదువుతుంది. నెల్లూరు చుట్టాలు పంపిన శుభలేఖ ఆవిడ తెచ్చి, ముహూర్తం ఎన్నింటికో చూసి చెప్పమంది. నాయకుడు చదివి పెట్టాడు. బదులుగా ఆ పిల్ల అతడి అగ్రిమెంటులో తమిళంలో ఉన్న పేజీ చదివి, పెయింటింగు కోత సంగతి బయటపెట్టింది. ఆలస్యమైంది గాని ఉపయోగమే. 'మద్రాసు మనదే' అని ఆవిడ ఎన్నడూ అనలేదు. ఆవిడకు ఆ అవసరం రాలేదని మా అభిప్రాయం.

అలంకారము: స్వభావోక్తి. కొందరు అతిశయోక్తి అంటారు. వారు ఈ వీధిలో ఉండరు.

ఛందస్సు: ఆటవెలది.

పాఠాంతరము: ఓఎంఆర్ రోడ్డు మీది పెద్ద అపార్టుమెంట్లలో ఉండేవారు నాలుగో పాదాన్ని 'సంపు నిండినపుడె పేటవాసి' అని చదువుతారు. ట్యాంకరు వస్తుంది, సంపు నింపుతుంది, లెక్క అసోసియేషను చూసుకుంటుంది. బిందె అన్న వస్తువే వారింట లేదు. గణాలు సరిపోయాయి. కాని 'సం'కూ 'పే'కూ యతిమైత్రి కుదరదు. అక్కడ ఎదురెదురు ఫ్లాట్ల వారికీ మైత్రి లేదని వినికిడి గనుక, వారి పాఠం వారిని చదువుకోనిద్దాం.