తాబేలుకూ ఇంటీరియర్ డిజైనింగే!

చేపల తొట్లు పాతబడ్డాయి, బోన్సాయ్ మోజు తీరింది. ఇప్పుడు తాబేలు విల్లాల వంతు. రీల్ తెరిస్తే అదే: గాజుపెట్టె, ఎల్‌ఈడీ వెలుగు, బొమ్మ ఈతచెట్టు, అడుగున తళతళలాడే పాలరాతి ముక్కలు. నడుమ ఎటు కదలాలో తెలియని తాబేలు.

ఆ రాళ్ల దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. కిలోల లెక్కన కొని, కడిగి, ఆరబెట్టి, నీలం ఒక వరస, గులాబీ ఒక వరస పేరుస్తారు. సోఫాకూ కర్టెన్లకూ మ్యాచ్ అవ్వాలి కదా! మ్యాచ్ కానిదల్లా తాబేలు డిప్ప ఒక్కటే. తొందరపడకండి, దానికీ పెయింట్ వేసే మహానుభావులున్నారు.

తాబేలుకు పళ్లుండవు. గట్టి మూతితో కొరికి మింగుతుంది. రంగు కనబడితే నోరు పెడుతుంది. దాని కంటికి ఎర్రరాయి మందారపువ్వే. మింగిన రాయి పేగుకు అడ్డం పడుతుంది. మేత మానేస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌రే, ఆపరేషన్, "పాపం, దిష్టి తగిలిందండీ!" దిష్టి కాదమ్మా, అది మీ డెకరేషన్.

పోనీ నడవనిస్తారా? నున్నటి రాళ్ల మీద కాళ్లు జారతాయి. తవ్వుదామంటే గోళ్లు దిగవు. విల్లాల్లో తెగ కనబడే సుల్కటా ఉందే, అది సహారా దక్షిణపు అంచున సొరంగాలు తవ్వుకుని ఎండ తప్పించుకునే జాతి. పెరిగితే 40 కిలోలు దాటుతుంది. దానికి మనవాళ్లు ప్రసాదించింది రెండంగుళాల రాళ్లు!

రాళ్లు వద్దంటే ఇసుక అంటాడు షాపువాడు. ఉత్త ఇసుక మేతకు అంటుకుని కడుపులో పేరుకుంటుంది. సెడార్ పొట్టు వాసన మన ముక్కుకు హాయి, దాని ఊపిరితిత్తులకు మంట. ప్లాస్టిక్ గడ్డి పోగులు ఊడితే అవీ మేతే.

మరి ఏం వేయాలి? ఎరువూ మందూ తగలని మట్టి, కొబ్బరి పొట్టు కలిపి, కాస్త తడి చూపించి, తాబేలు పిల్ల పూర్తిగా దూరేంత మందాన పరచాలి. బొత్తిగా పొడిలో పెంచితే డిప్ప గుట్టలు గుట్టలుగా లేస్తుంది. కోనసీమలో పీచు తీశాక మిగిలే ఆ పొట్టునే ఇటుకలా నొక్కి, ఇంగ్లిష్ పేరు పెట్టి, తాబేలు బొమ్మ అంటిస్తే ప్రీమియం సరుకు. అయినా మట్టి ఎవరికీ నచ్చదు. ఎందుకంటే అందులో తాబేలు హాయిగా దూరిపోయి కనబడకుండా పోతుంది. కనబడని తాబేలుతో రీల్ ఎలా తీస్తాం?

అసలు రోగం ఇదే. ఆ నేల తాబేలు కోసం పరిచింది కాదు, కెమెరా కోసం పరిచింది. బతికినన్నాళ్లూ నేలను అంటిపెట్టుకుని తిరిగే ప్రాణికి నేలను మించిన ఇల్లేముంది? ఆ నేలే దాన్ని చంపేలా పరిచి, పైగా ప్రేమ అంటారా?

ఇంకా దారుణం, ఈ పెట్టెల్లో మన నక్షత్ర తాబేళ్లు. "దీనికి ఏ పరుపు మంచిదండీ" అని అడగడానికి సిగ్గుండాలి. 2022 సవరణతో అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోకి వచ్చింది. దాన్ని ఇంట్లో పెట్టుకున్న నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25,000 రూపాయల జరిమానా. దాని పరుపు రాయలసీమ తుప్పల్లో ఉంది, మీ హాల్లో కాదు. శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథుడికి దండం పెట్టి, అక్కడి తాబేళ్లకు గోంగూర తినిపించి వచ్చినవాళ్లే, వాస్తు కోసం ఉత్తరం మూల నీళ్ల పళ్లెంలో మెట్టతాబేలును నిలబెడుతున్నారు. దానికి ఈత రాదు మహాప్రభో!

నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే అటవీశాఖకు అప్పగించండి. ఏ చెరువుగట్టునో వదిలేసి పుణ్యం మూటగట్టుకోకండి. పెంచుకోదగ్గ జాతే అయితే ముందు ఆ రాళ్లు ఎత్తేయండి. పారేయడానికి మనసొప్పకపోతే మనీప్లాంట్ కుండీలో పోసుకోండి. దానికి నోరు లేదు, మింగదు.