కార్బురేటర్ నిరపరాధి

మా వైపు మనిషికి ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్తారు. బండికి బాగాలేకపోతే టీ కొట్టు దగ్గరికి తోసుకెళ్తారు. చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు, అద్దంకి... ఏ సెంటర్లోనైనా పాత బండి ఆపి రెండు కిక్కులు కొట్టి చూడండి. మూడో కిక్కు పడేలోగా చేతిలో గ్లాసుతో ఒకాయన లేచొస్తాడు. ఏమైందని అడగడు, శబ్దం వినడు. "కార్బురేటర్లో చెత్త చేరిందయ్యా" అని తీర్పు చెప్పేసి, మిగతా టీ తాగడం మొదలుపెడతాడు.

పాపం, కార్బురేటర్ చేసుకున్న కర్మ అది. ఇంజను లోపలి గుట్టు ఎవరికీ కనిపించదు. ఇది మాత్రం బయటికి కనిపిస్తూ, చేతికందేట్టు ఉంటుంది. పైగా దానికి రెండు స్క్రూలు. కనిపించిన స్క్రూని తిప్పకుండా ఊరుకునే మగవాడు గుంటూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు, ప్రకాశం జిల్లాలో పుట్టినా నాకు తెలియదు.

నాది తొంభైల నాటి వంద సీసీ, నాలుగు స్ట్రోకుల బండి. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు గనుక. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి, 1994లో స్ప్లెండర్ వచ్చింది. మా డొంకల్లో ఎరువు కట్టలు, పచ్చగడ్డి మోపులు, పెళ్లిపిలుపులు మోస్తూ ఇప్పటికీ తిరుగుతున్న పాత బళ్లు చాలామటుకు ఆ కాలం సంతానమే.

దానికొచ్చిన రోగం విచిత్రమైనది. ఇంటి దగ్గర బుద్ధిగా స్టార్టయ్యేది. ఊరు దాటి పత్తిచేల మధ్య చక్కగా లాగేది. చింతచెట్టు దగ్గరికి రాగానే పికప్ పడిపోయి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. కాసేపు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. "ఆ చెట్టు మీద ఏదో ఉంది బాబూ, హ్యాండిల్‌కి నిమ్మకాయలు కట్టించు" అంది మా అత్తయ్య. టీ కొట్టు వైద్యంతో పోలిస్తే ఇదే చౌక. కట్టించాను. చెట్టు దగ్గర ఆగిపోయిన బండికి ఇప్పుడు నిమ్మకాయలు కూడా ఉన్నాయన్న పేరొచ్చింది, అంతే.

టీ కొట్టు బోర్డు సమావేశమైంది. ఒకాయన బోరింగ్ పోయిందన్నాడు. రింగులు అరిగితే సైలెన్సర్ నుంచి నీలం పొగ రావాలి, ఇంజనాయిలు తగ్గాలి. ఇక్కడ రెండూ లేవు. ఆ సంగతి చెబితే "రేపట్నుంచి వస్తుంది" అన్నాడు. ఇంకొకాయన క్లచ్ ప్లేట్లన్నాడు. ప్లేట్లు జారితే ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. మాది బండితోపాటు ఇంజను కూడా మౌనవ్రతం పట్టేది. ఈలోగా మా బావమరిది, పెట్రోలు అయిపోయిందేమోనన్న మంచి మనసుతో, చేలో మందు కొట్టే తైవాన్ పంపు కోసం ఉంచిన సీసా తెచ్చి ట్యాంకులో వంచాడు. ఆ పంపుది రెండు స్ట్రోకుల ఇంజను. దాని పెట్రోల్లో టూటీ ఆయిలు కలిపి ఉంటుంది. దాంతో ప్లగ్గు మసిబారింది, మొదటాయన జోస్యం ఫలించి పొగ మొదలైంది. 2021లో మా మిరపను ఊడ్చేసిన నల్ల తామరపురుగు ఈ పొగకైనా చస్తుందేమోనని పక్క చేను రైతు ఆశగా చూశాడు. అది దీనిక్కూడా చావలేదు.

ఇథనాల్ వాదం వినిపించింది మాత్రం కాలేజీ కుర్రాడు. వాడి మాటలో పస ఉంది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2030 నుంచి ముందుకు జరిపి, 2025 కల్లా బంకుల్లోకి తెచ్చేసింది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ని మోసుకొస్తుంది, కాబట్టి కాలడానికి తక్కువ గాలి చాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 బళ్లలో ఇంజెక్షనూ సెన్సారూ ఉంటాయి గనుక తేడాని అవే సర్దుకుంటాయి. పాత కార్బురేటర్‌కి ఆ తెలివెక్కడిది? దాని జెట్టుకి ఫ్యాక్టరీలో ఎంత బెజ్జం పెడితే జీవితాంతం అంతే. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలమంతా వసారాలో నిలబెట్టిన బండి ట్యాంకులో నీళ్లు చేరితే అడుగున పేరుకుంటాయి. ఇదంతా నిజమే. కానీ ఇథనాల్‌కి చింతచెట్టుతో ఏం సంబంధం? దానికి వాడి దగ్గర జవాబు లేదు.

చివరికి షెడ్డుకి చేర్చాను. మెకానిక్ భాయ్ అనుభవశాలి, అంటే మాట్లాడడు. ముందు ప్లగ్గు ఊడదీసి వెలుతురులో తిప్పి చూశాడు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలోంచి ఒక కాయ తీసి రంగు చూసి రేటు చెప్పినట్టే, ప్లగ్గు రంగు చూసి ఇంజను కథ చెప్పొచ్చు. కాఫీ రంగుంటే ఆరోగ్యం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. నల్లగా పొడి మసి పడితే గాలి చాలడం లేదు. మాది నల్లన. బావమరిది ఆయిలు మసి పోనూ, కింద ఇంకో మసి ఉంది.

భాయ్ ఎయిర్ ఫిల్టర్ తీశాడు. ఒకవైపు జిన్నింగు మిల్లు రోడ్డులో ఎగిరే దూది, మరోవైపు కల్లాల్లో ఎండే మిరపకాయల దుమ్ము, రెండూ కలిసి దాంట్లో కాపురం పెట్టాయి. కంప్రెసర్ గొట్టం పెట్టి ఒక్క ఊపు ఊదాడు. షెడ్డులో ఉన్నవాళ్లం, పక్క సోడా కొట్టువాళ్లు, రోడ్డు మీద వెళ్తున్న ఆటోలోని ఆడవాళ్లతో సహా కలిసి తుమ్మాం. కులమతాలకు అతీతంగా మా ఊరు ఒక్కటైన అరుదైన సందర్భం అది. సిలిండరు రెక్కల మధ్య గట్టిపడ్డ నల్లరేగడి మట్టిని కూడా పుల్లతో గీకించాడు. గాలికి చల్లబడాల్సిన ఇంజనుకి మట్టి దుప్పటి కప్పితే వేడెక్కక ఏం చేస్తుంది?

బండి బాగా లాగింది. చింతచెట్టు దాకా.

అప్పుడు, వద్దన్నా వినకుండా, అందరూ కోరుకున్న పని జరిగింది. కార్బురేటర్ విప్పారు. భాయ్ తిన్నగా గాలి ఊదుతుంటే, ఒక పెద్దమనిషి క్లచ్ వైరు పోగు ఇచ్చి జెట్టులో పొడవమన్నాడు. భాయ్ మొదటిసారి నోరు తెరిచి, "అది బెజ్జం కాదు మావా, కొలత" అన్నాడు. పొడిస్తే బెజ్జం పెద్దదై, పెట్రోలు తాగడం అలవాటవుతుందని ఆయన ఉద్దేశం. లోపల చెత్త లేదు. ఫ్లోటు బాగుంది. కార్బురేటర్ అద్దంలా ఉంది.

గుట్టు బయటపెట్టింది పెట్రోలు బంకులో పనిచేసే అమ్మాయి. ట్యాంకు మూత తిప్పగానే 'సుయ్'మని గాలి లోపలికి పోయింది. "ఏంది సార్, మీ ట్యాంకు ఊపిరి పీలుస్తోంది?" అంది.

ఈ బళ్లలో ట్యాంకు నుంచి పెట్రోలు తోడే పంపు ఉండదు. తన బరువుకి తానే కిందికి దిగుతుంది. దిగినమేర ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతకి సన్నటి రంధ్రం పెడతారు. నా మూత రంధ్రాన్ని రేగడి బురదా మిరప దుమ్మూ కలిసి పూడ్చేశాయి. గాలి రాక లోపల వాక్యూమ్ పుట్టేది, పెట్రోలు దిగడం ఆగేది, కార్బురేటర్ గిన్నెలో ఉన్నది కాలిపోయేదాకా బండి నడిచేది. ఆ నడిచే దూరానికి సరిగ్గా మా చింతచెట్టు తగులుతోంది. నీడన నిలబెట్టినప్పుడు సందుల్లోంచి మెల్లగా గాలి చేరి మళ్లీ ప్రాణం వచ్చేది. ఆ అమ్మాయి జుట్టు పిన్నుతో రెండు పొడుపులు పొడిచింది. జెట్టుకి తగని వైద్యం మూతకి తగింది. పది రూపాయలివ్వబోతే తీసుకోలేదు.

కాబట్టి అయ్యా, మీ పాత బండి లాగడం మానేస్తే ముందు ట్యాంకు మూత తెరిచి స్టార్టు చేసి చూడండి. తర్వాత ప్లగ్గు రంగు, ఆ తర్వాత ఫిల్టరు. వెనక చక్రం స్టాండు మీద చేత్తో తిప్పితే తిరుగుతోందో లేదో కూడా చూడండి, బురదకి బ్రేకు పట్టేసి ఉంటే ఇంజనుని తిట్టి లాభం లేదు. కార్బురేటర్ స్క్రూ జోలికి పోవద్దు. చేతులు ఆగకపోతే, ఎటువైపు ఎన్ని చుట్లు తిప్పారో ముందు గోడ మీద బొగ్గుతో రాసుకోండి.