నోయిడా శబ్దానికి టీకా తాత్పర్యం

మూలం: "మావాడు ఢిల్లీలోనే వదినగారూ, నోయిడాలో!"

అవతారిక: సంబంధం మాట్లాడటానికి వచ్చిన ఆడపెళ్ళివారు "అబ్బాయి ఉండేదెక్కడ?" అని అడగ్గా, వరుడి తల్లి పలికిన వాక్యమిది. చిన్నదే. కానీ ఇందులో ఒక నది, ఒక రాష్ట్ర సరిహద్దు, ఒక సర్కారీ ఆఫీసు ఇరుక్కుని ఉన్నందున వ్యాఖ్య తప్పదు.

ప్రతిపదార్థం: మావాడు = పండక్కి టికెట్ దొరకలేదనే కుమారుడు; ఢిల్లీలోనే = ఢిల్లీ దాటాక; వదినగారూ = వియ్యం ఖాయం కాకముందే కలిపేసిన వరస; నోయిడాలో = దీని సంగతి కింద చూడుడు.

విశేషం: నోయిడా ఉత్తరప్రదేశ్‌లోని గౌతమ బుద్ధ నగర్ జిల్లాలోది. మరి 'ఢిల్లీలోనే' అనడం అబద్ధం కాదా అని పూర్వపక్షం. కాదు. 'గంగలో గొల్లపల్లె' అంటే ఊరు నీళ్ళలో ఉందని కాదు, ఒడ్డున ఉందని అర్థమంటూ ఆలంకారికులు లక్షణావృత్తి చెప్పలేదా? ఇక్కడ గంగకు బదులు యమున. 'లోనే'లోని ఏకారం అవధారణార్థకం. చెప్పేవారికే నమ్మకం చాలనిచోట ఇది వస్తుంది.

వ్యుత్పత్తి: పండితులకు నిరాశే. ఢిల్లీకైతే 1276 నాటి పాలం బావి శాసనం సాక్ష్యముంది. అందులోని ఢకారాన్ని హిందీవారు 'దిల్లీ' అని దించేసుకున్నా మనం ఇంకా మోస్తున్నాం. గుర్గావ్‌వారు ద్రోణాచార్యుణ్ణి చూపించి 2016లో గురుగ్రామ్ అనిపించుకున్నారు. నోయిడాకు పురాణం లేదు. రావణుడు పుట్టిన ఊరని చెప్పుకునే బిస్రఖ్ ఆ పక్కనే ఉన్నా, నామకరణంలో ఆయన సాయం అందలేదు. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976 ఏప్రిల్ 17న పుట్టిన 'న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ' తొలి అక్షరాల పోగే ఈ శబ్దం. ఊరికెవరూ పేరు పెట్టలేదు, ఆఫీసు పేరే అంటుకుంది. ఆ ఓఖ్లా అయినా నదికి ఢిల్లీ వైపున ఉన్నది. కాబట్టి వరుడి తల్లి మాటలో కొంత ఢిల్లీ ఉన్నట్టే.

ఉచ్చారణ: ఇంగ్లీషువారికి నోయ్డా, హిందీవారికి నోఎడా, మనకు నోయిడా. ఓకారం పక్కన ఇకారాన్ని ఊరికే కూర్చోబెట్టడం తెలుగు నాలుకకు పడదు. చిన్నయసూరి చెప్పిన యడాగమం వచ్చి నడుమ కూర్చుంటుంది. అథారిటీ అనుమతి లేకుండా వెలసిన కట్టడమిది, కూల్చడం ఎవరి తరమూ కాదు.

దోషవిచారం: చివరి 'ఆ'లోనే అథారిటీ ఉండగా 'నోయిడా అథారిటీ' అనడం పునరుక్తి. ఇది క్షమించదగినది. 1991లో గ్రేటర్ నోయిడా ఏర్పడింది. దాని ఆఫీసు 'గ్రేటర్ నోయిడా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ'. విగ్రహవాక్యం చెబితే - గ్రేటర్ న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ! ఊపిరి ఉన్నవారు మళ్ళీ చదువుకోవచ్చు. ఆపైన ఫ్లాట్లు అమ్మేవారు గ్రేటర్ నోయిడా నేలనే 'నోయిడా ఎక్స్‌టెన్షన్' అన్నారు. ఎక్కడో యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఉన్న జేవర్‌లోని విమానాశ్రయానికీ నోయిడా పేరే పెట్టారు. తర్కశాస్త్రంలో దీన్ని అతివ్యాప్తి అంటారు, రియల్ ఎస్టేట్‌లో అభివృద్ధి అంటారు.

ఫలశ్రుతి: ఈ పేరుగల ఊళ్ళో అడుగుపెట్టిన ముఖ్యమంత్రి పదవి ఊడుతుందని లక్నోలో నమ్మకం. ఇది 1988లో అలా పదవి పోయిన వీర్ బహదూర్ సింగ్‌తో మొదలైంది. మాయావతి 2011లో వచ్చారు, 2012లో ఓడారు. అఖిలేశ్ యాదవ్ యమునా ఎక్స్‌ప్రెస్‌వేను సైతం లక్నోలో కూర్చునే ప్రారంభించారు. యోగి ఆదిత్యనాథ్ 2017 డిసెంబరులో మెట్రో ప్రారంభానికి వచ్చీ 2022లో మళ్ళీ గెలవడంతో ఈ ఫలశ్రుతి అప్రమాణమని తేలింది.

తాత్పర్యం: ఓ వదినగారూ! నా కుమారుడు రాజధానికి చెప్పుకోదగినంత దగ్గరలో, అద్దె కట్టుకోదగినంత దూరంలో నివసించుచున్నాడని భావము.

ఆడపిల్లవారికి మనవి: ఊరి పేరుతో సరిపెట్టుకోకుండా సెక్టరు అడగండి. సెక్టర్ 62 అంటే నోయిడా. ఆల్ఫా, బీటా, గామా అని గ్రీకు అక్షరం చెబితే గ్రేటర్ నోయిడా. జేవర్ అంటే మాత్రం శుభలేఖలో ఢిల్లీ అని వేయించకండి.