మందారం విప్పని పాఠం

మా రోజుల్లో కాగితప్పూలు నేర్పేవాళ్ళు ముందే కత్తెర చేతికిచ్చేవారు కాదు. మా వీధి పిన్నిగారు పెరట్లో మందారం కోసుకొచ్చి, ఒక్కో రెక్కా విప్పి చాప మీద పరిచేవారు. అయిదు రెక్కలు, మధ్యన పుప్పొడి కాడ, దాని కొసన అయిదు ఎర్రటి బొట్లు. అవి లెక్కపెట్టి, పాత పోస్టుకార్డు మీద రెక్క అచ్చు గీసుకున్నాకే రంగుకాగితం ముట్టుకోనిచ్చేవారు.

క్రేప్ కాగితానికో వాటం ఉంది. ముడతలు రెక్క పొడవునా నిలువుగా వచ్చేలా కత్తిరించి, నడుమ రెండు బొటనవేళ్ళూ ఆనించి మెల్లగా అడ్డంగా సాగదీస్తే దొన్నెలా గుంట పడుతుంది. ముడతలు అడ్డంగా పెట్టి కోశామా, ఎంత లాగినా ఆ గుంట రాదు. ఈ ఒక్క సంగతి నా వేళ్ళకు పట్టడానికి వారం పట్టింది. జిగురు మైదా ఉడికించి చేసుకునేవాళ్ళం, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి. పుప్పొడికి పసుపద్దిన బొంబాయిరవ్వ.

1986 వేసవిలో రాజమండ్రిలో మా వసారాలోనే నేనూ పాఠాలు మొదలుపెట్టాను. 8 మంది పిల్లలు, నెలకు 15 రూపాయలు. విద్యకు డబ్బు పుచ్చుకుంటున్నానని చుట్టాలు మూతి ముడిచారు. ఇష్టమైన పని నాలుగు డబ్బులు తెస్తే తప్పేమిటి? అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఈ కాలం అమ్మాయిలు ఫోనులో పాఠాలు చెప్పి సంపాదిస్తున్నారంటే నాకు సంతోషమే. నా కోపమల్లా ఆ పాఠం మీద.

మొన్న మా మనవరాలు 2,000 రూపాయలు కట్టి అలాంటి తరగతిలో చేరింది. ఇంటికి పెట్టె వచ్చింది. మిషను మీద కోసి, నంబర్లు వేసిన రెక్కలు, తీగ, టేపు, జిగురు సీసా. రెండు గంటల్లో గులాబీ, దాంతోపాటు సర్టిఫికెట్టు. "బాగుందే, ఇప్పుడో మందారం చెయ్యి" అన్నాను. "దానికి వేరే కిట్ కొనాలి అమ్మమ్మా" అంది. పెరట్లో మందారం విరగబూసి ఉంది. కూతవేటులో కాకపోయినా కడియం పూలతోటలు మరీ దూరమేమీ కాదు. పిల్ల ఒక్క పువ్వు వైపూ చూడలేదు, చూడమని ఆ పాఠంలో ఎవరూ చెప్పలేదు. పైగా ఇంకో 5,000 కడితే పది రోజుల్లో టీచర్ని చేస్తామన్నారట!

నా దగ్గర నేర్చుకున్న పిల్ల ఒకతె వరంగల్ కోడలై, ఇప్పుడు అమెరికాలో ఉంటోంది. బతుకమ్మకి అక్కడ తంగేడు దొరకదు. నేనా పువ్వు ఎన్నడూ నేర్పలేదు. అత్తగారి చేత దగ్గరగా తీసిన ఫొటోలు తెప్పించుకుని, రెక్కలు లెక్కపెట్టి, అచ్చు గీసి, పసుపు కాగితంతో తనే చేసుకుంది. ఇప్పుడక్కడి పిల్లలకు నేర్పుతోంది, ఫీజు తీసుకునే.

పాఠాలు చెప్పి బతకాలనుకునే అమ్మాయిలూ, మీరూ ఫీజు నిస్సంకోచంగా తీసుకోండి. మొదటి రోజు మాత్రం పిల్లల చేత నిజం పువ్వొకటి విప్పించండి. ఆ పూట కత్తెర తియ్యకపోయినా ఫరవాలేదు.