సింగపూర్ రోడ్డుకు వీసా అక్కర్లేదు

ఒడిశాలోని మా తెరుబలిలో ప్యాసింజరు ఎక్కితే పాస్‌పోర్టు లేకుండానే సింగపూర్ పోవచ్చు. రాయగడ రాకముందే దిగిపోవాలి. ప్లాట్‌ఫారం మీద సింగపూర్ రోడ్ అని పసుపు బోర్డు కనిపిస్తుంది. కోరాపుట్ లైను చీలేది అక్కడే. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, జేబులో ఎంతుంది అని అడిగే నాథుడు లేడు. టీసీ వచ్చినా ఉన్న టికెట్టు చూస్తాడే తప్ప తిరుగు టికెట్టు తీయమనడు. సముద్రం అవతలి సింగపూర్‌కు మాత్రం మనం వీసా తీసుకోవాల్సిందే. అందుకే మా వీధి మావయ్య బ్యాంకాక్‌కు మొగ్గాడు.

మావయ్య ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. వేడి అంటే భయం లేని మనిషి. కాగితం అంటేనే భయం. ఆ భయం లేకుండా చేస్తానన్నాడు రాయగడలో ఒక ట్రావెల్ ఏజెంటు: "వీసా ఫ్రీ సార్, టెన్షన్ లేదు, ఎక్కడమే దిగడమే." ఆ మాట అబద్ధం కూడా కాదు. థాయ్‌లాండ్ 2023 నవంబర్‌లో మనవాళ్ళకు వీసా ఎత్తేసింది, 2024 జూలై 15 నుంచి గడువు 60 రోజులకు పెంచింది. అరవై రోజులు ఊళ్ళో లేకపోతే పాలవాడు ఏమనుకుంటాడోనని అత్తయ్య బెంగపెట్టుకుంది గానీ, మావయ్య డబ్బు కట్టిన ప్యాకేజీ నాలుగు రాత్రుళ్ళే.

డబ్బు కట్టిన సాయంత్రమే వాట్సాప్‌లో మెసేజ్ దిగింది. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల ఆయుష్షు ఉండాలి. తిరుగు టికెట్టు ప్రింటు కావాలి. ఇద్దరి పేర్లతో హోటల్ బుకింగ్ కావాలి. మనిషికి 10,000 బాట్లు, కుటుంబమైతే 20,000 బాట్లు చేతిలో ఆడుతుండాలి. చేరే రోజుకు ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే మంచిది, పింఛను కాగితం ఉంటే ఇంకా మంచిది. అన్నీ రెండేసి సెట్లు. మావయ్య ఫోను నా చేతిలో పెట్టి అడిగాడు:

"ఒరే అల్లుడూ, వీసా వద్దన్నోడికే ఇన్ని కాయితాలు ఇస్తే, గావాలన్నోడికి ఏటిస్తాంరా, కిడ్నీయా?"

వీసా ఉన్న రోజుల్లో అనుమానించే పనికి ఒక ఆఫీసు, ఒక కుర్చీ, ఒక ఫీజు ఉండేవి. వీసా తీసేస్తే అనుమానం కూడా పోవాలి కదా? పోలేదు, బదిలీ అయింది. అవతలి దేశం వద్దని తిప్పి పంపిన ప్రయాణికుణ్ణి విమానం కంపెనీయే వెనక్కి తేవాలి, కొన్ని దేశాల్లో పైనుంచి జరిమానా కూడా. దాంతో బ్యాగులు తూచే కౌంటరు అమ్మాయి మీద రాయబారి ఉద్యోగం పడింది. జీతం మాత్రం బ్యాగులు తూచినందుకే.

అరైవల్ కార్డు నింపడానికి నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. ఒకప్పుడు ఇది విమానంలో ఇచ్చే కాగితం ముక్క. పక్క సీటువాడి పెన్ను అడిగి రాసుకుని, ఆ పెన్ను జేబులో వేసుకుని దిగిపోయేవారు. 2025 మే 1 నుంచి ఆన్‌లైన్ చేశారు. పైసా కట్టక్కర్లేదు. అయితే అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్లు డబ్బు గుంజుతున్నాయి గనక అసలుది పట్టుకోవడమే సగం ప్రయాణం. నెట్ సెంటర్ కుర్రాడు ఉద్యోగం గడిలో రిటైర్డ్ అని కొట్టబోతే మావయ్య ఒప్పుకోలేదు. ఫర్నేస్ ఆపరేటర్ అని రాయాల్సిందేనన్నాడు. ఆ తర్వాత దిగే హోటల్ ఏ ప్రావిన్సు, ఏ జిల్లా, అందులో ఏ ఉపజిల్లా అని అడిగింది. "మన ఇంటికే డోర్ నంబరు లేదు, ఆళ్ళ మండలం నాకేటి తెలుస్తాది?" అన్నాడు మావయ్య. అసలు తకరారు ఇంటిపేరు దగ్గర వచ్చింది. ఒడిశా బడి రికార్డులో ఇంటిపేరు చివరకు పోయింది, ఫ్యాక్టరీ కాగితంలో ముందుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమై ముడుచుకుంది. ముగ్గురు మనుషులు కలిసి ఒక్క టికెట్టు మీద వెళ్తున్నట్టుంది యవ్వారం.

ప్రింట్లన్నీ అయ్యేసరికి ఫైలు బొద్దుగా తయారైంది. సింగపూర్ రోడ్ పక్కనే జేకేపూర్‌లో 1962 నుంచి కాగితం మిల్లు నడుస్తోంది. దాని లాభాల్లో వీసా ఫ్రీ ప్రయాణాల వాటా ఎంతో ఎవరూ లెక్కతీసినట్టు లేరు. తీస్తే బాగుండు.

అత్తయ్య పాస్‌పోర్టు మీద ఇంకో ముద్ర: ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్. పదో తరగతి గట్టెక్కనివాళ్ళు పని కోసం 18 దేశాలకు వెళ్ళాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. మలేషియా, థాయ్‌లాండ్ ఆ జాబితాలోవే. విహారానికి వెళ్ళేవాళ్ళకు ఆ అనుమతి అక్కర్లేదు. కానీ ఆ మూడక్షరాలు కనబడితే చాలు, చూసేవాడి కనుబొమ్మ ఒకటి లేస్తుంది. నలభై ఏళ్ళు సంసారం ఈదినావిడను పదో తరగతి లెక్కల పరీక్ష బ్యాంకాక్ దాకా వెంటాడుతుందని ఎవరనుకుంటారు?

"అయితే నేపాల్ ఎల్దాం" అంది అత్తయ్య. బాగానే ఉంది. నేపాల్‌కు, భూటాన్‌కు పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. ఆధార్ మాత్రం చెల్లదు. రేషన్ బియ్యానికీ సిమ్ కార్డుకీ ఆధార్ అడిగే దేశం, గడప దాటేటప్పుడు అది వద్దంటుంది. 2019లో కేంద్ర హోంశాఖ కాస్త కనికరించి, 65 దాటినవాళ్ళకూ 15 లోపువాళ్ళకూ ఆధార్ సరిపోతుందంది. ఆ లెక్కన మావయ్య ఆధార్ నిజమైనది, అత్తయ్య ఆధార్‌కు ఇంకా వయసు రాలేదు. భూటాన్‌లో పైగా మన పర్యాటకుడు రాత్రికి 1,200 రూపాయల రుసుం కట్టాలి. వీసా ఫ్రీ అన్నారు గానీ నిద్ర ఫ్రీ అనలేదు.

ఓటరు కార్డే ముఖ్యమైతే మా పక్క కోరాపుట్ జిల్లాలో కొటియా వాళ్ళను మించినవాళ్ళు లేరు. ఆ 21 ఊళ్ళు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర 1968లోనే కోర్టుకెక్కాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టేసింది. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్ళున్నారని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి.

తెరుబలి నుంచి విదేశాలకు బాగా అలవాటుపడినది మాత్రం మనిషి కాదు, ఫెర్రో క్రోమ్. కొరియా, చైనా, జపాన్ ఎక్కడికైనా ఓడెక్కి పోతుంది. హోటల్ బుకింగ్ అడగరు. తిరుగు టికెట్టు సంగతి ఎత్తితే కొన్నవాడే కంగారుపడతాడు. మన మనిషి మీదున్న అనుమానమల్లా తిరిగి రాడేమోనని. మన లోహం మీదున్న భరోసా అది తిరిగి రాదనే.

మనుషులకూ అలాంటి కాలం ఒకటుండేది. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో డెక్ టికెట్టు కొని మన కూలీలు రంగూన్ వెళ్ళినప్పుడు పాస్‌పోర్టు అడిగినవాడు లేడు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ముక్క. కోరాపుట్ సీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, మావాళ్ళు ఇంట్లోంచి కదలకుండానే ఇంకో రాష్ట్రంలో పడ్డారు. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది, రంగూన్ వెళ్ళినవాళ్ళు గుడిసెలోంచి కదలకుండానే ఇంకో దేశంలో పడ్డారు. తెల్లదొరలకు ఆ తారీకంటే ఎందుకంత ఇష్టమో! తర్వాత బర్మా తరిమేశాక వచ్చినవాళ్ళకు విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు మిగిలింది.

కౌంటర్ల అనుమానానికి కారణం లేకపోలేదు. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కుర్రాళ్ళను కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించే ముఠా అది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు అడ్డాల నుంచి బయటపడిన 549 మందిని వైమానిక దళం రెండు రోజుల్లో థాయ్‌లాండ్ మీదుగా తెచ్చింది. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇరాన్ 2024 ఫిబ్రవరి 4న మనకు వీసా ఎత్తేసి, ఏజెంట్లు ఆ దారిన మనుషులను రప్పించి కిడ్నాప్ చేసి డబ్బు గుంజుతుంటే 2025 నవంబర్ 22 నుంచి ఆ సదుపాయం ఆపేసింది. నవ్వడానికేమీ లేదు.

కాకపోతే నాదొక సందేహం. కుర్రాణ్ణి అమ్ముకోవడానికి తీసుకెళ్ళే ఏజెంటు హోటల్ బుకింగ్ లేకుండా తీసుకెళ్తాడా? తిరుగు టికెట్టు మర్చిపోతాడా? ఏమడిగితే ఏం చెప్పాలో బట్టీ పట్టించి మరీ పంపుతాడు. కాగితాలు చక్కగా ఉండడం అబద్ధం లక్షణం. తడబడేది ఫర్నేస్ ఆపరేటర్ అని రాయమని పట్టుబట్టే మనిషే. జల్లెడ పట్టారు సరే, రాళ్ళు జారిపోయి బియ్యం ఆగుతోంది.

చివరికి ఇద్దరూ బ్యాంకాక్‌కే బయల్దేరారు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో అమ్మాయి మావయ్యను అడిగింది: "అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?"

"ఎవులూ లేరమ్మా."

"మరి ఎందుకు వెళ్తున్నారు?"

"తెలిసినోళ్ళుంటే ఫోన్లో మాటాడుకుందుం గదా తల్లీ. ఎవులూ లేరనే సూడ్డానికి ఎల్తన్నాం."

ఆ అమ్మాయి నవ్వి బోర్డింగ్ పాస్ ఇచ్చింది. ఫైలు విప్పనివ్వలేదు.

బ్యాంకాక్‌లో అధికారి పాస్‌పోర్టు తీసుకున్నాడు, కెమెరా వైపు చూడమన్నాడు, ముద్ర కొట్టాడు. ఇక్కడా ఫైలు అడగలేదు. ఇంత దూరం మోసుకొచ్చింది దేనికని మావయ్యకు రోషం వచ్చి, అడక్కుండానే ఇరవై వేల బాట్లూ తీసి అద్దం కిందినుంచి లోపలికి తోశాడు. లంచమనుకుని అధికారి బెదిరిపోయి రెండు చేతులతో వెనక్కి నెట్టాడట. అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది.

మళ్ళీ ఎవరైనా ఎక్కడైనా చూపించమంటారేమోనని ఆ బాట్లలో ఒక్కటి ఖర్చు పెట్టలేదు. హోటల్ టిఫిను, ఇంటి నుంచి తీసుకెళ్ళిన చేగోడీలు, ఆవకాయతో నాలుగు రోజులూ లాగించి, నోట్లన్నీ మడత నలగకుండా వెనక్కి తెచ్చారు. కొన్న రేటుకు, అమ్మే రేటుకు తేడాలో రెండు పట్టుచీరలు పోయాయని అత్తయ్య లెక్క. డబ్బు మార్చే కొట్టువాడు నోట్లు లెక్కపెట్టి, "పాస్‌పోర్టు జెరాక్సు, టికెట్టు జెరాక్సు ఉన్నాయా సార్?" అన్నాడు.

"ఎన్ని సెట్లు గావాల బాబూ?" అన్నాడు మావయ్య ఫైలు విప్పుతూ.