అదరని తలుపు

మంచిర్యాలలో నాకు తెలిసిన ఓ కారు ఆడియో మేస్త్రీ ఉన్నాడు. స్పీకరు ఎంత ఖరీదుదైనా ముందు తలుపు సంగతి చూడందే బిగించడు. "పాట పాడేది స్పీకర్ కాదు సార్, తలుపు" అంటాడు.

నిజమే. స్పీకరు ముందుకు ఎంత గాలిని తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. ఆ వెనక గాలి సందుల్లోంచి ముందుకొచ్చి కలిస్తే బేస్ పోతుంది. పైగా పల్చటి రేకు, ప్లాస్టిక్ ప్యానెల్ కొట్టుకుంటూ గరగర కలుపుతాయి. అందుకే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను రింగులా కోసి, రెజిన్ పూసి బిగిస్తాడు. ఎండీఎఫ్ చెక్క అయితే వానాకాలం అద్దం పక్కనుంచి దిగే నీళ్లకు ఉబ్బుతుంది. రేకు మీద బ్యూటైల్ షీటు పరిచి, గాలిబుడగ మిగలకుండా రోలర్‌తో అదుముతాడు. అంత ఓపికగల పనితనం అంటే నాకు గౌరవం.

శ్రీరాంపూర్ దిక్కు నుంచి ఓ కుర్రాడు పాత కారు తెచ్చాడు.

"అన్నా, మా బాపు బొగ్గుబాయి పని దిగిపోయిండు. పొద్దుమీకి కార్ల కూసొని పాటలు ఇనుడే ఆయనకు సంబురం. జర తక్కువ వినవడ్తది, ఈ గరగరల ఏం సమజైతది? మంచిగ చెయ్యి, పైసలకు చూడకు."

మేస్త్రీ తలుపులన్నీ విప్పి కొత్తగా కట్టాడు. వాల్యూమ్ పెంచి, చేతిపిడి మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టాడు. బిళ్ల కదల్లేదు.

మర్నాడు తండ్రిని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. మల్లన్న ఒగ్గుకథ పెట్టాడు కొడుకు. డోలు మీద పడే ఒక్కో దెబ్బా విడివిడిగా, స్వచ్ఛంగా వినిపించింది. కారులో అంత మంచి ధ్వని నేనెన్నడూ వినలేదు.

పెద్దాయన అరచెయ్యి తలుపుకు ఆనించాడు. కాసేపటికి రెండో చెయ్యీ ఆనించాడు.

"పాట పెట్టు బిడ్డా" అన్నాడు.

కొడుకు వెలుగుతున్న స్టీరియో చూపించి, వాల్యూమ్ ఇంకా పెంచాడు. మేస్త్రీ నా వైపు చూశాడు.

పెద్దాయన తలుపును మెల్లగా తట్టాడు.

"చెవులు డ్రిల్లు మిషన్ కాడనే పోయినయ్ బిడ్డా. ఇన్నొద్దులు ఇది అదురుతుంటే చేతికి తెలుస్తుండె."